హిమాలయం పేరు మోసిన ముళ్లపొద

అమెరికా పశ్చిమ తీరంలో వేసవి చివరి వారాల్లో రోడ్ల పక్కన, వాగు గట్లమీద, బీడుపడిన పొలాల కంచెల వెంట విరగకాసే నల్లని పండును అక్కడివారు హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటారు గాని, ఆ మొక్కకూ హిమాలయాలకూ చుట్టరికం లేదు. దాని పుట్టిల్లు ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతాలు కావడంతో శాస్త్రజ్ఞులు దానిని రూబస్ ఆర్మెనియాకస్ అని వ్యవహరిస్తారు. కాలిఫోర్నియాలోని సాంటా రోజాలో కొత్త వంగడాలను రూపొందించిన లూథర్ బర్బాంక్, భారతదేశం నుంచి అందిన విత్తనాలతో ఈ మొక్కను పెంచి, 1885లో ‘హిమాలయా జెయింట్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. విత్తనం వచ్చిన దారినే పుట్టినచోటుగా ఎంచిన ఆ పేరు నేటికీ చెరగలేదు.

అయితే ఆ తీరానికి స్వంతమైన బ్లాక్‌బెర్రీ వేరే ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మొదలుకొని మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దాకా పెరిగే ఆ జాతి రూబస్ అర్సైనస్. అర్సైనస్ అంటే ఎలుగుబంటికి సంబంధించినదని అర్థం. రష్యన్ నౌక ‘రూరిక్’ మీద 1816లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన కవి, వృక్షశాస్త్రవేత్త షమిస్సో, తన సహచరుడు ష్లెక్టెండాల్‌తో కలిసి తరువాత దీనికి ఈ పేరు పెట్టాడు. బర్బాంక్ మొక్క కాడ వేలంత లావై, కోణాలు తేలి, ఐదేసి చిట్టి ఆకుల అడుగుభాగం తెల్లగా ఉంటే, ఇది సన్నని తీగలతో నేలబారున పాకుతూ సాధారణంగా మూడేసి చిట్టి ఆకులే వేస్తుంది. బొప్పాయిలో మాదిరే మగ, ఆడ మొక్కలు వేరువేరు గనుక, వసంతంలో తెల్లగా పూసిన పొదంతా మగదే అయితే వేసవిలో అక్కడ ఒక్క పండూ దొరకదు.

పండ్లతోటల చరిత్రలో మాత్రం ఈ పాకుడు తీగ వంతు, దాని పేరు తెలిసినంత తక్కువేమీ కాదు. సాంటా క్రూజ్‌లో న్యాయమూర్తి జేమ్స్ లోగన్ పెరట్లో, అర్సైనస్ నుంచి ఎంపిక చేసిన రకానికీ ఎర్రని రాస్ప్‌బెర్రీకీ సంకరమై, 1880ల తొలినాళ్లలో లోగన్‌బెర్రీ పుట్టింది. బోయ్‌సెన్‌బెర్రీలోనూ, ఓరెగాన్‌లో 1956లో విడుదలైన మేరియన్‌బెర్రీలోనూ అదే రక్తం ప్రవహిస్తోంది.

వచ్చిపడిన మొక్క తీగకొన నేలను తాకిన చోటల్లా వేరూని గుబురుగా అల్లుకుపోయి కింది మొక్కలకు వెలుతురు అందనివ్వదు. వాషింగ్టన్ రాష్ట్రం దానిని హానికర కలుపుమొక్కల జాబితాలో చేర్చింది. నాటు జాతి ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది, చెట్లు నరికిన లేదా కార్చిచ్చు కాల్చిన అడవిలో, ఎండ కొత్తగా నేలను తాకే చోట్ల, మసిబారిన మొద్దుల మీదుగా పాకుతూనే.