పౌలు అంటే చిన్నవాడు

కిందటి నెలలో మా పక్కవాటాలో ఒక తగవు వచ్చింది. తగవంటే కేకలూ అరుపులూ కాదు లెండి, పేరు తగవు. పక్కింటి పిన్నిగారికి మనవడు పుట్టాడు. వాళ్ళు క్రైస్తవులు. పోయినేడు కాలం చేసిన పెద్దాయన పేరు పౌలుగారు. ఆ పేరే మనవడికి పెట్టాలని ఆవిడ ముచ్చట. కోడలు మటుకు పిల్లల పేర్ల పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"చూడండి అక్కయ్యగారూ, పౌల్ అంటే లాటిన్ భాషలో చిన్నవాడు, అల్పుడు అని రాశారు. విక్టర్ అంటే జయించినవాడట. కన్నబిడ్డకి ఎవరైనా అల్పుడని పేరు పెట్టుకుంటారా?"

గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారు ఈ మాట విన్నారు. ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నాకు ఆ పూట అన్నం సయించలేదు. పదో తరగతితో ఆగిన చదువు నాది. లాటిన్ నాకేం తెలుసు? అయినా మనసు ఊరుకోక గ్రంథాలయానికి వెళ్ళి నాలుగు పుస్తకాలు తిరగేశాను. తెలిసింది మీతోనూ చెప్పాలనిపించింది.

కోడలిపిల్ల పుస్తకం అబద్ధమాడలేదు. లాటిన్‌లో 'పౌలుస్' అంటే చిన్నది, కొంచెం అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'పాల్' అంటారు. మన తెలుగు బైబిల్లో 'పౌలు' అని ఉంటుంది. విచిత్రమేమంటే, రోమనులు పలికిన తీరుకి ఇంగ్లీషు పాల్ కంటే మన పౌలే దగ్గర!

మరి చిన్నవాడన్న పేరు ఎందుకొచ్చింది? రోమునగరంలో మగపిల్లలకు పెట్టే సొంత పేర్లు వాడుకలో పట్టుమని ఇరవై కూడా ఉండేవి కావు. ఎక్కడ చూసినా మార్కస్‌లూ లూసియస్‌లే. అందుచేత గుర్తు తెలియడానికి మూడో పేరు ఒకటి తగిలించేవారు. మనవాళ్ళు పొట్టి సుబ్బయ్య, బక్క రామయ్య అన్నట్టే అనుకోండి. సిసెరో అనే గొప్ప వక్త పేరు వినే ఉంటారు. ఆ పేరు శనగగింజ నుంచి వచ్చింది. వాళ్ళ పూర్వీకుడెవరికో ముక్కు చివర శనగగింజ మీద ఉన్నట్టు నొక్కు ఉండేదట. క్రాసస్ అంటే లావుపాటివాడు. క్రీ.పూ. 312లో ప్రసిద్ధమైన ఆపియన్ రోడ్డు వేయించిన ఆపియస్ క్లాడియస్‌ను 'సీకస్' అన్నారు, అంటే గుడ్డివాడని. ఇలా ఒకరికి వచ్చిన పిలుపు తరాల తరబడి వంశంలో నిలిచిపోయేది. ఎమిలియస్ అనే పెద్దింటివారిలో ఒక శాఖకు అలా నిలిచిన పేరే పౌలుస్.

ఆ ఇంటి కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. క్రీ.పూ. 216లో హానిబాల్‌తో కానే దగ్గర జరిగిన యుద్ధంలో లూసియస్ ఎమిలియస్ పౌలుస్ అనే అధికారి చనిపోయాడు. అదే పేరుగల అతని కొడుకు క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా రాజును ఓడించాడు. ఇతనికి మొదటి భార్య వల్ల ఇద్దరు కొడుకులు. వాళ్ళను వేరే గొప్ప వంశాలకు దత్తత ఇచ్చేశాడు. రెండో భార్య పిల్లలిద్దరూ తన పేరు నిలబెడతారని ధైర్యం. మరుసటి ఏడు రోములో ఆయనకు విజయోత్సవం జరిగింది. ఊరేగింపుకు అయిదు రోజుల ముందు ఒక పిల్లవాడు పోయాడు. ఊరేగింపైన మూడు రోజులకు రెండోవాడూ పోయాడు. ఊరంతా పూలదండలు, ఆ ఇంట్లో రెండు శవాలు! దత్తత వెళ్ళిన కొడుకుల్లో ఒకడు తర్వాత కార్తేజి నగరాన్ని జయించిన స్కిపియో అయ్యాడు. కాని ఆ కీర్తి వేరే ఇంటిపేరు మీద పోయింది. రాజును బంధించి తెచ్చినవాడికి తన పేరు చెప్పుకునే కొడుకు ఇంట్లో మిగల్లేదు.

అయితే ఇవాళ ప్రపంచమంతా ఆ పేరు ఎలా ఉంది? దాన్ని నిలబెట్టింది ఆ వంశంతో ఏ సంబంధమూ లేని ఒక డేరాలు కుట్టుకునే మనిషి.

ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న తార్సు ఊళ్ళో పుట్టిన యూదుడు ఆయన. ఇంట్లో పిలిచే పేరు సౌలు. అది వాళ్ళ గోత్రంలో పుట్టిన మొదటి రాజు పేరు. ఆ రాజు జనంలో నిలబడితే అందరికంటే భుజాలపై ఎత్తు కనిపించేవాడని బైబిల్లో ఉంది. పుట్టుకతోనే రోమను పౌరుడు గనుక ఆయనకు పౌలు అనే రోమను పేరు కూడా ఉంది. మతం మారాక పేరు మార్చుకున్నాడని చాలామంది అనుకుంటారు గాని బైబిలు అలా చెప్పదు. సైప్రస్ ద్వీపంలో సెర్గియస్ పౌలు అనే అధిపతిని కలిసిన సందర్భంలో 'సౌలు అనే పౌలు' అని మొదటిసారి కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఆ గ్రంథం ఆయన్ని దాదాపు ఎప్పుడూ పౌలనే అంటుంది. చూశారా, ఆజానుబాహువైన రాజు పేరు పక్కకు పోయి చిన్నవాడన్న పేరు మిగిలింది! అపొస్తలులందరిలోకీ తాను అల్పుణ్ణని ఆయనే తన ఉత్తరంలో రాసుకున్నాడు. కొత్త నిబంధనలో ఆయన పేరుతో ఉన్న ఉత్తరాలు 13.

ఆ తర్వాత ఆ పేరు దేశదేశాలకూ పాకింది. స్పెయిన్‌లో పాబ్లో, ఇటలీలో పావొలో, రష్యాలో పావెల్, ఫిన్లాండులో పావో. ఆడపిల్లలకు పాలా, పాలీన్. బ్రెజిల్‌లోని సావో పావ్‌లో మహానగరం 1554లో ఆయన పండుగనాడు మొదలై ఆయన పేరే పెట్టుకుంది. ఆరుగురు పోపులు ఈ పేరు తీసుకున్నారు. వారిలో ఆరవ పౌలు 1964లో బొంబాయి వచ్చారు. భారతదేశంలో అడుగుపెట్టిన మొదటి పోపు ఆయనే. 1978లో వచ్చిన పోపు, తనకు ముందున్న ఇద్దరి పేర్లూ కలిపి జాన్‌పాల్ అనే జంటపేరు పెట్టుకున్నారు. పోపుల్లో జంటపేరు అదే మొదలు. మనవైపు కూడా జాన్‌పాల్‌లు ఎంతమంది లేరు!

పేర్లకూ చీరల అంచుల్లాగే కాలాలుంటాయి సుమండీ. ఇంగ్లండు, వేల్సులలో 1964లో మగపిల్లలకు పెట్టిన పేర్లలో పాల్‌ది రెండో స్థానం. 1974లో మొదటి స్థానం. 2010 వచ్చేసరికి మొదటి నూరు పేర్లలోనే లేదు. జర్మనీలో ఇందుకు తలకిందులు. తాతల పేరని మూలపడేసిన పౌల్‌ను 2000 తర్వాత మళ్ళీ దుమ్ము దులిపి మొదటి పది పేర్లలోకి తెచ్చుకున్నారు.

అంత దూరం ఎందుకు? మన తెలుగుకు బాలవ్యాకరణం రాసి 1858లో అచ్చువేయించిన పండితుని పేరేమిటి? చిన్నయసూరి. చిన్నయ్య అన్నా చిన్నవాడనే గదా! ఆ పేరు చూసి ఆయన్ని చిన్నవాడన్నవారెవరు?

ఇవన్నీ ఆ సాయంత్రం కోడలిపిల్లకి చెప్పాను. ఆ ఇద్దరు పిల్లల చావు దగ్గరకు వచ్చేసరికి ఒళ్ళో పసివాణ్ణి దగ్గరికి పొదువుకుంది. కాసేపటికి, "మామయ్యగారు నాకెప్పుడూ కష్టం కలిగించలేదు అక్కయ్యగారూ. ఆ పుస్తకం చూసి భయం వేసింది, అంతే" అంది.

పోయిన ఆదివారం చర్చిలో పేరు పెట్టారు. విక్టర్ పౌల్. జంటపేరే! కోడలు విక్టర్ అని పిలుస్తోంది. మా మధ్య గోడ పల్చన. పొద్దున్నే పిన్నిగారు స్నానం పోస్తూ "పౌలూ, ఒరే పౌలూ" అని పిలవడం నాకు వినిపిస్తుంది. పెద్దాయన బతికుండగా ఆవిడ నోట ఆ పేరు నేనొక్కనాడూ వినలేదు. భర్త పేరు పైకి చెప్పని కాలం మనిషి మరి.