గాజుతొట్టిలో సీతాకోకచిలుక చేప

పగడపు దిబ్బల చేపలలో సీతాకోకచిలుక చేప అందమునకు పేరుపొందినది. అరచేతివలె పలుచని శరీరము, పసుపు, తెలుపు, నలుపు చారలు, కోసుగా నుండు మూతి. వీనిలో సుమారు 130 జాతులు కలవు. ఇట్టి చేపను ఇంటిలో బ్రతికించుటకు మొదట నీరు, తరువాత మేత అడ్డు వచ్చినవి.

1846లో ఆనా థిన్ అను స్త్రీ ఇంగ్లండు దక్షిణ తీరమున గల టార్కీలో పగడపు జీవులను సేకరించి, జాడీలో లండనునకు కొనిపోయెను. అచ్చట సముద్రపు నీరు సులభముగా దొరకదు. అందుచే ఉన్న నీటినే తెరచిన కిటికీ యెదుట ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి అరగంట, ముప్పావుగంట సేపు పోయించెను. గాలిలోని ఆమ్లజని నీటిలో కరగి ఆ జీవులు బ్రతికినవి. పోసినది మాత్రము ఆమె కాదు, ఇంటి పనిపిల్ల! 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు విడిచిన బొగ్గుపులుసు వాయువును నీటిమొక్కలు గ్రహించి ఆమ్లజని నిచ్చునని తొట్టిలోనే చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల శాల వెలసెను.

అయినను తొట్టెలలో చేపలు చచ్చుచునే యుండెను. వాయువుల లెక్క సరియైనదే. చేప మొప్పలనుండి, కుళ్ళిన మేతనుండి పుట్టు అమ్మోనియా ఆ లెక్కలో లేదు. సముద్రపు నీటికి కొంచెము క్షారగుణము కలదు. అట్టి నీటిలో అమ్మోనియా విషము హెచ్చు. 1890-91లో వినోగ్రాడ్‌స్కీ, అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు బాక్టీరియాలను నేలలో కనుగొనెను. ఆ సంగతి చేపల తొట్టికి చేరుటకు దశాబ్దములు పట్టినది. 1961లో జకార్తా వాసి లీ చిన్ ఎంగ్ ఒక సులువైన పద్ధతిని ప్రకటించెను: సముద్రమునుండి జీవులతో గూడిన రాళ్ళను తెచ్చి తొట్టిలో పేర్చి, గాలిబుడగలను వదలుట. రాతి రంధ్రములలోని బాక్టీరియాలే నీటిని శుద్ధిచేయును.

నీరు చక్కబడిన పిదప అసలు చిక్కు తేలినది. రోగమేమియు లేకయే, నిర్మలమైన నీటిలో, ఈ చేప ఆకలితో చిక్కి చచ్చుచుండెను. ఈ కుటుంబమున పెక్కు జాతులకు బ్రతికియున్న పగడపు జీవులే ఆహారము. కీటోడాన్ ట్రైఫేసియాలిస్ ఇంచుమించు అక్రోపొరా పగడములనే నమ్ముకొన్నది. రొయ్యపొట్టు వేసినను ముట్టదు. కీటోడాన్ ఔరిగా పురుగులను, చిన్న రొయ్యలను కూడ తినును గనుక తొట్టిలో నిలువగలదు. చారలను మాత్రమే చూచి కొనువారికి ఈ భేదము తెలియదు.

ఈ చేపల పిల్లలు వారముల తరబడి నడిసముద్రమున తేలియాడుచు పెరుగును. అందుచే అమ్మకమునకు వచ్చునవి దాదాపు అన్నియు నేటికిని సముద్రమున పట్టినవే. 1960 దశాబ్దమున ఫిలిప్పీన్సులో సయనైడు చల్లి చేపలను మత్తుగొల్పి పట్టు పద్ధతి మొదలైనది. ఆ విషమునకు పగడములును చచ్చును. దిబ్బలో మిగిలిన సీతాకోకచిలుక చేపలకు మేత యుండదు.