పితూరీ అను మాట

తిరుగబడుట తిరుగుబాటు, కట్టుబడుట కట్టుబాటైనట్లే. ఇవి అచ్చతెలుగు మాటలు. విప్లవము సంస్కృతము. అమరసింహుడు దానిని డింబ డమర శబ్దముల సరసన కూర్చుండబెట్టినాడు; నేడు మనమిచ్చు గౌరవము దానికానాడు లేదు, అది వట్టి ఉపద్రవవాచకము. వీని సంగతి యట్లుండనిండు. నేను చెప్పదలచినది పితూరీని గూర్చి.

అరబ్బీలో ఫుతూరనగా సడలుట, నీరసించుట. పారసీక హిందూస్థానీల మీదుగా వచ్చుచు అది కలత, కుచేష్ట అను అర్థములను తెచ్చుకొన్నది. మరాఠీలో ఫితురీ యనగా పగవారి పక్షమున చేరుట. కన్నడమున పితూరి కుట్ర. తెలుగున మాత్రము మన్యములో ఆయుధము పట్టుటయు పితూరీయే, మైదానములో కొండెములు చెప్పుటయు పితూరీయే! ముప్పదియేండ్లు బడిలో "పంతులుగారండీ, వీడు నామీద పితూరీలు చెబుతున్నాడండీ" అను మొర వినని దినము లేదు. ఏ యర్థమున జూచినను ఇది పైవాడు పెట్టిన పేరే. తన పోరాటమును కలతయని తానెవడు పిలుచుకొనును?

ఈ పదము మన చరిత్రలో నాటుకొన్నది గోదావరి మన్యమున. అచ్చటి మన్సబుదారు పన్నులు హెచ్చించెను. కల్లు చెట్లపై చిగురుపన్ను వేసెను. దానిపై సర్కారు అబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటివాడుకకు కల్లు తీసికొనుటయు గుత్తదారుని దయపై బడెను. మైదానపు వర్తకులు కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది కొండవారి సొత్తు జప్తు చేయించుచుండిరి. సమనులోని వ్రాత వారికి తెలియదు; కోర్టు ఎన్నియో ఆమడల దూరము. పితూరీ చెప్పుకొనుటకైనను వినువాడొకడు ఉండవలెను గదా! 1879 మార్చిలో రంప లేచినది. ఠాణాలు తగులబడినవి. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర మున్నగువారు నాయకులు. ఆరు పదాతి పటాలములు దిగినను అణచుటకు ఏడాదికి పైగా పట్టెను. తుదకు సర్కారు మన్సబుదారుని తొలగించి ముఠాదారులతో నేరుగా ఒడంబడిక చేసికొన్నది. ఆ మొర నిజమని ఒప్పుకొనుట యిదిగాక మరేమి? అయినను దొరల కాగితములలో అది ఫితూరీగనే మిగిలినది.

అడవి చట్టము 1882లో వచ్చినది. పోడునకు ఆంక్షలు పెరిగినవి. రోడ్లపని చేయించుకొని కూలి సరిగా నీయరైరి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి ఠాణాపై పడి తుపాకులు కొనిపోయినది. మరుదినము కృష్ణదేవిపేట, ఆపై రాజవొమ్మంగి. 1924 మే 7న రాజును కాల్చి చంపిరి. దీనికిని ఆ పాతపేరే వచ్చినది. మన్యం పితూరీ అని మనవారు దానిని నేడు తలయెత్తుకొనియే పలుకుచున్నారు.