కొల్లేటి వరదల కథ

ఆంధ్రదేశపు పటము తీసి ఏలూరు పట్టణానికి దక్షిణంగా చూడండి. కుడివైపున గోదావరి డెల్టా, ఎడమవైపున కృష్ణా డెల్టా, ఆ రెంటి నడుమ పళ్ళెములో నీరు పోసినట్లు కొల్లేరు కనిపిస్తుంది. రెండు మహానదులు వేల ఏండ్లుగా చెరియొక ప్రక్క ఒండ్రు పరచుకుంటూ సముద్రాన్ని వెనుకకు నెట్టినవి. ఆ రెంటి ఒండ్రూ సరిగా అందని నడిమి పల్లమే ఈ సరస్సు. సుమారు 6,000 ఏండ్ల క్రిందట సముద్రతీరము ఇప్పటి కొల్లేటి దాపుననే ఉండేదని భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు చెబుతారు. సరస్సుకు దక్షిణాన వరుసలు వరుసలుగా ఉన్న పాత ఇసుక మెరకలే అందుకు సాక్ష్యం. నేడు సముద్రం అక్కడికి 30 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది.

క్రీ. శ. 634 నాటి ఐహోళె శాసనములో పులకేశి యుద్ధం చేసినట్లు చెప్పిన కునాల సరస్సు కొల్లేరేనని చరిత్రకారులు పలువురు తలుస్తారు. రాజుల సంగతి అటుంచి, మనం ఇక్కడ నీటి సంగతి చూద్దాం.

కొల్లేటికి నీరు తెచ్చేవి పెద్ద నదులు కావు. మైలవరం కొండల వైపు నుండి బుడమేరు, ఖమ్మం మెట్టప్రాంతాల నుండి తమ్మిలేరు, వాటితోపాటు రామిలేరు, గుండేరు, ఇంకా పదుల సంఖ్యలో మురుగు కాలువలు. వేసవిలో ఈ యేళ్ళను చూసినవారు వీటిని చూసి భయపడవలసినది ఏమున్నదని అనుకుంటారు. ఇసుక తప్ప నీరు కనిపించదు. కాని కొండల మీద రెండు రోజులు గట్టి వాన కురిస్తే చాలు, గంటలలో గట్లు తెంచుకుని వస్తాయి. ఏలూరు దగ్గర తమ్మిలేరు రెండు పాయలై ఊరిని నడుమ పెట్టుకుని పోతుంది. పెద్ద నది వరద వచ్చేది ముందుగా తెలుస్తుంది. పై ఊళ్ళ నుండి కబురు వచ్చేసరికి ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. ఇటువంటి ఏరు ఆ వ్యవధి ఇవ్వదు.

వచ్చే దారులు ఇన్ని ఉండగా పోయే దారి ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చు. సరస్సులో నీటిమట్టం సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున ఉన్నదనుకుందాం. 5 అడుగులనగా 60 అంగుళాలు. 60 కిలోమీటర్లకు 60 అంగుళాలు, అనగా కిలోమీటరుకు ఒక అంగుళం వాలు! మన వంటింటి తూముకు కూడా ఇంతకంటె ఎక్కువ వాలు పెడతాము. పైగా సముద్రానికి పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది. తుపాను సమయంలో సముద్రం ఉబికి ఉంటే మంచినీటికి దారే ఉండదు. వాన ఎక్కువగా కురిసేదీ ఆ సమయంలోనే.

ఈ ఉప్పుటేరు పుట్టుకను గురించి కొల్లేటి లంకలలో ఒక కథ చెప్పుకుంటారు. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదట. చుట్టూ నీరున్నందున శత్రువులకు అది సాధ్యం కాలేదు. వారు చిగురుకోటలో దిగి, నీరంతా సముద్రంలోకి తీసివేయడానికి కాలువ త్రవ్వించారట. ఆ ప్రయత్నంలో ఒక సేనాని కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, అందుచేత ఆ కాలువకు పేరంటాళ్ళ కనమ అని పేరు వచ్చినదనీ అంటారు. కథను చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయితే కొల్లేటి గుట్టు అంతా దాని మూతిలో ఉన్నదని ఆ కథ కట్టినవారికి బాగా తెలుసు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయినవి. కరువులతో అల్లాడిన సీమ వరిపొలాలతో నిండినది. ఆ మేలును ఎవరూ కాదనలేరు. కాని డెల్టాకు నీరు పెట్టడం ఒక పని, పెట్టిన నీటిని తీయడం ఇంకొక పని. మొదటి దానికి దొరికిన శ్రద్ధ రెండవ దానికి దొరకలేదు. పొలాల నుండి దిగే మురుగు కొల్లేటికి చేరసాగినది. మెట్టకూ పల్లానికీ సరిహద్దుగా త్రవ్విన ఏలూరు కాలువ, కొండల నుండి వచ్చే ఏళ్ళకు అడ్డంగా పడినది. తాడేపల్లిగూడెం ప్రాంతపు ఎర్రకాలువ ఇందుకు మంచి ఉదాహరణ. అది కొల్లేటికి రాదు. నందమూరు అక్విడక్టు దగ్గర కాలువను దాటి, యనమదుర్రు డ్రెయినుగా మారి సముద్రానికి పోతుంది. అక్విడక్టు ఖానాలలో పట్టినంత నీరే దాటుతుంది. మిగిలినది ఎగువ పొలాలలోనే నిలుస్తుంది. 2024 జూలైలో అప్పుడే నాటిన వరి ఇట్లాగే మునిగినది. నారు కుళ్ళిన తరువాత మళ్ళీ నారు పోసుకోవడానికి అదను మిగలదన్నది రైతు బాధ.

1964లో వచ్చిన వరదలు ప్రభుత్వాన్ని కదిలించినవి. మిత్రా గారి అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘం రెండు డెల్టాల మురుగు పారుదలను పరిశీలించినది. 1968లో డెల్టా భూములపై డ్రెయినేజి సెస్సు విధిస్తూ చట్టం వచ్చినది. రైతులు సెస్సు కట్టారు. కొన్ని డ్రెయిన్లు బాగుపడినవి. ఉప్పుటేరు వంకరలు మాత్రం చాలావరకు అట్లాగే ఉండిపోయినవి.

1976 నుండి కథ మరొక మలుపు తిరిగినది. మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులు త్రవ్వి ఇచ్చారు. పేదలకు బ్రతుకుతెరువు చూపాలన్నది ఉద్దేశం. క్రమంగా డబ్బున్నవారు దిగి వేల ఎకరాలకు గట్లు వేశారు. గట్టు వేస్తే వరదకు ఏమవుతుంది? మరొక లెక్క చూడండి. పెద్ద వరదలో కొల్లేటికి వచ్చే నీరు సెకనుకు లక్ష ఘనపుటడుగులు దాటుతుందనీ, ఉప్పుటేరు తీసుకుపోగలిగినది అందులో ఇంచుమించు పదవ వంతనీ ఇంజనీర్ల అంచనా. మిగిలిన 90,000 ఘనపుటడుగుల చొప్పున ఒక్క రోజు నిలిస్తే దాదాపు 778 కోట్ల ఘనపుటడుగులు. 10 అడుగుల సమోన్నతరేఖ వరకు సరస్సు వైశాల్యం సుమారు 901 చదరపు కిలోమీటర్లు. అంత మేర పరచుకుంటే ఆ నీరు పది అంగుళాలకు మించదు. అదే నీటిని 5 అడుగుల రేఖలోని 308 చదరపు కిలోమీటర్లలో నిలిపితే రెండడుగుల పైచిలుకు. 3 అడుగుల రేఖలోని 135 చదరపు కిలోమీటర్లలోనే కుక్కితే అయిదడుగులు దాటుతుంది. గట్టు నీటిని తగ్గించదు, ప్రక్కవాని ఇంటి మీదకు ఎత్తుతుంది. ఆ ప్రక్కవాడు సాధారణంగా లంకగ్రామంలో ఉండే చిన్న మత్స్యకారుడు.

1999లో 5 అడుగుల రేఖ లోపలి భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2005 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు అభయారణ్యంలోని చెరువు గట్లను కొట్టివేశారు. తరువాత కొన్ని చోట్ల మరల లేచినవి. గట్లు పోయినప్పుడు, చెరువు మీద వచ్చే కాస్త కౌలుతోనే కాలక్షేపం చేసే కుటుంబాలు కూడా నష్టపోయినవి. ఈ సంగతి మరచి గట్ల తొలగింపును గురించి మాట్లాడటం న్యాయం కాదని నా అభిప్రాయం.

బుడమేటి వరదను తప్పించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువ త్రవ్వారు. ఆలోచన మంచిదే. కాని కృష్ణ తగ్గి ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి, అంతవరకు ఎన్నడూ నమోదు కాని ఎత్తుకు వచ్చినది. బుడమేరు కూడా అదే సమయాన పొంగినది. మళ్ళింపు కాలువకు మూడు గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నది.

పట్టణంలో గండ్లు పూడ్చిన వార్త పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చినది. ఆ నీరు మాత్రం దిగువకు నడిచి, కొన్ని రోజుల తరువాత కొల్లేటికి చేరినది. ఏలూరు నుండి కైకలూరు పోయే రోడ్డు చినయెడ్లగాడి దగ్గర మునిగి, రాకపోకలు ఆగిపోయినవి. లంకగ్రామాలవారు పడవలలో తిరుగుతూ ఉప్పుటేరు వైపు చూశారు. కిలోమీటరుకు ఒక అంగుళం వాలున, పోటు తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా, నీరు దిగసాగినది.