అసలు అల్పసంఖ్యాకులెవరు? – రంగాగారి వాదం

ఆచార్య ఎన్.జి. రంగాగారు 1967లో శ్రీకాకుళం నుండి స్వతంత్ర పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచారు. అప్పటికి మన చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోదే. 1979 జూన్ 1న గదా విజయనగరం జిల్లాలోకి వచ్చాము. వారిది గుంటూరు సీమలోని నిడుబ్రోలు. మన పెద్దలు వారిని రైతు నాయకుడుగానే ఎరుగుదురు. చట్టసభలలో వారు చెప్పినవి సంపుటాలకు సంపుటాలున్నాయి. అందులో మన సంఘంవారు తెలిసికొనదగ్గ సంగతి ఒకటి వ్రాస్తున్నాము.

1946 డిసెంబరు 13న నెహ్రూగారు రాజ్యాంగసభలో ధ్యేయాల తీర్మానం పెట్టారు. ముస్లిం లీగు సభ్యులు అప్పటికి సభకు రావడంలేదు. ఆ తీర్మానంపై చర్చలో రంగాగారు లేచి, అల్పసంఖ్యాకులంటే అసలు ఎవరని అడిగారు. హిందువులు కారు, సిక్కులు కారు, ముస్లిములు కూడా కారు, ఈ దేశపు పేదజనమే అసలు అల్పసంఖ్యాకులన్నది వారి వాదన. మామూలు చదువు కూడా అందనివాడు, కోర్టు మెట్లెక్కలేనివాడు, రాజ్యాంగంలో ఎన్ని హక్కులు వ్రాసినా ఏం అనుభవిస్తాడు? వాడికి ఊతం కావాలి, నిచ్చెన కావాలి అన్నారు.

ఉర్దూలో అల్పసంఖ్యాకులను అఖలియత్ అంటాము, సామాన్యజనాన్ని అవామ్ అంటాము. రంగాగారు ఈ రెండూ ఒకటే అన్నారు. ఇందులో సగం నిజమని మా అభిప్రాయం. మనలో కలిగినవాడి కష్టమూ, రోజుకూలీ కష్టమూ ఒకటి కాదుగదా! కాని ఆ కూలివాని బిడ్డ ఉర్దూబడికి వెళ్లాలంటే పేదరికం ఒక బరువు, భాష ఇంకొక బరువు. పిల్లలకు తొలిచదువు మాతృభాషలో చెప్పించాలని 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. పుస్తకాలూ, పంతుళ్లూ లేనిచోట అది కాగితంమీదనే వుంటుంది. రంగాగారు నిచ్చెన అన్నది ఇందుకే అనిపిస్తుంది.

అదే ప్రసంగంలో గిరిజనుల మాట కూడా తెచ్చారు. వర్తకులు, వడ్డీవాళ్లు పత్రాలు వ్రాయించుకొని వారిని తరతరాలు కట్టుబానిసలుగా చేస్తున్నారని చెప్పారు. ఇరవై యేండ్లు గడిచాయి. సరిగ్గా రంగాగారు శ్రీకాకుళం సభ్యుడైన 1967లోనే, అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పులలో చనిపోయారు. తర్వాత జరిగిన పోరాటం అందరికీ తెలిసిందే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో చేసిన నిబంధనను 1970లో గట్టిపరిచారు.

అంతటి పేదల పక్షపాతి 1964లో 17వ రాజ్యాంగ సవరణను మాత్రం గట్టిగా వ్యతిరేకించారు. రైత్వారీ భూములు కూడా ప్రభుత్వం చేతికి చిక్కుతాయని వారి భయం. సెంటు భూమి లేనివాడికి ఈ భయం అర్థంకాదు. రెండెకరాల రైతుకు అర్థమవుతుంది. అయితే సీలింగుకు లోబడి సొంతంగా సాగుచేసుకొనే భూమిని తీసుకుంటే మార్కెట్టు ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలని కూడా ఆ సవరణలోనే వుంది.