చౌక కంప్యూటర్‌పై హెచ్‌డీ వీడియో: ధర కన్నా డీకోడరే ముఖ్యం

ఏటీఎం కార్డంత పరిమాణంలో ఉండే సింగిల్ బోర్డు కంప్యూటర్‌ను సాధారణ టీవీకి కలిపితే చాలు, తరగతి గదిలో పాఠాలను, గ్రంథాలయంలో లఘుచిత్రాలను ప్రదర్శించవచ్చు. వీడియోలను పెన్‌డ్రైవ్‌లో ఉంచితే ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. పుదుచ్చేరి పట్టణంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ వంటి స్వచ్ఛంద సంస్థలు ప్రచారం చేస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే ఈ బోర్డులు పనిచేయగలవు. అయితే ఒక వీడియోను నిరాటంకంగా చూపిన బోర్డే మరొక వీడియో దగ్గర ఆగి ఆగి నడుస్తుంది. కారణం తెలియక కొన్నవారు ఆ పరికరాన్ని మూలన పడేసే ప్రమాదం ఉంది.

అసలు భారం ఎంత?

ఫుల్ హెచ్‌డీ దృశ్యంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే ఒక్కో చిత్రంలో 20 లక్షలకు పైగా చుక్కలు. సెకనుకు 30 చిత్రాల చొప్పున, కుదించకుండా పంపాలంటే సెకనుకు సుమారు 149 కోట్ల బిట్ల సమాచారం కావాలి. కుదింపు పద్ధతుల వల్ల ఇది కొన్ని పదుల లక్షల బిట్లకు తగ్గుతుంది. ఈ కుదింపు పద్ధతినే కోడెక్ అంటారు. హెచ్.264, హెచ్.265, ఎంపెగ్-2, వీపీ9, ఏవీ1 వాటిలో ప్రధానమైనవి.

కుదించిన దృశ్యాన్ని తిరిగి విప్పే పని రెండు విధాలుగా జరుగుతుంది. ప్రాసెసరే స్వయంగా లెక్కలు చేయడం ఒకటి. అందుకోసమే చిప్‌లో అమర్చిన ప్రత్యేక డీకోడర్‌కు ఆ పని అప్పగించడం మరొకటి. రెండో మార్గంలో విద్యుత్తు, వేడి రెండూ తక్కువే. కానీ ఆ డీకోడర్ తనకు తెలిసిన కోడెక్‌లను మాత్రమే విప్పగలదు.

రాస్ప్‌బెర్రీ పై చెప్పే పాఠం

2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో 35 డాలర్ల ధరకు విడుదలైన రాస్ప్‌బెర్రీ పై ఈ విషయానికి చక్కని ఉదాహరణ. దాని ప్రాసెసర్ వేగం 700 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఆ వేగంతో ఫుల్ హెచ్‌డీ అసాధ్యం. అయినా చిప్‌లోని వీడియోకోర్ భాగం హెచ్.264 దృశ్యాలను సెకనుకు 30 చిత్రాల చొప్పున సునాయాసంగా చూపగలిగింది. నేడు కోడి అనే పేరుతో ప్రసిద్ధమైన మీడియా ప్లేయర్ ఈ బోర్డుపై ఆదరణ పొందడానికి ఇదే కారణం.

డీవీడీల్లో వాడే ఎంపెగ్-2 విషయంలో మాత్రం తాళం పడింది. దాన్ని విప్పే శక్తి చిప్‌కు ఉన్నా, పేటెంట్ రుసుము కలిపితే బోర్డు ధర పెరుగుతుందని ఆ సదుపాయాన్ని నిలిపివేశారు. 2012 ఆగస్టు నుంచి కావలసినవారికి 2.40 పౌండ్లకు లైసెన్సును విడిగా అమ్మారు. ప్రతి బోర్డు క్రమసంఖ్యకు ఒక తాళంచెవి సంకేతం ఇచ్చేవారు. చౌకదనం వెనుక ఇలాంటి షరతులు ఉంటాయన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుల అభ్యంతరాల్లో ఒకటి.

కొత్త నమూనా అన్నిటా మెరుగైనదనీ చెప్పలేము. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4లో హెచ్.264తో పాటు హెచ్.265కూ డీకోడర్ ఉంది. 2023 నాటి పై 5లో హెచ్.265 డీకోడర్‌ను మాత్రమే ఉంచి, హెచ్.264 డీకోడర్‌ను తొలగించారు. ఆ పనిని వేగవంతమైన ప్రాసెసరే చేస్తుంది. వీపీ9, ఏవీ1 కోడెక్‌లకు ఈ రెండింటిలోనూ డీకోడర్ లేదు. యూట్యూబ్ విరివిగా వాడేవి ఆ రెండే గనుక, బ్రౌజర్‌లో యూట్యూబ్ చూసేటప్పుడు పాత బోర్డులు తడబడతాయి.

తీరప్రాంతంలో జాగ్రత్తలు

పుదుచ్చేరిలో మే నెల ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరువవుతుంది. గోదావరి తీరాన ఉన్న తెలుగు ప్రాంతం యానాంలోనూ వేసవి తీవ్రమే. చిప్ ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటితే ఈ బోర్డులు తమంతట తామే వేగాన్ని తగ్గించుకుంటాయి. అప్పటిదాకా సాఫీగా సాగిన వీడియో తడబడవచ్చు. మూసిన డబ్బాలో బిగించకుండా గాలి ఆడనివ్వాలి, హీట్‌సింక్ లేదా చిన్న ఫ్యాన్ అమర్చాలి. సముద్రపు ఉప్పుగాలికి లోహపు కనెక్టర్లు తుప్పు పట్టే అవకాశం ఉన్నందున, వాడనప్పుడు కప్పి ఉంచడం మేలు.

తెరపై మెరుపు గుర్తు కనిపిస్తే విద్యుత్ సరఫరా చాలడం లేదని అర్థం. ఇందుకు బలహీనమైన ఫోన్ ఛార్జర్లు తరచూ కారణమవుతాయి. ఉన్నట్టుండి కరెంటు పోతే మెమరీ కార్డులోని సమాచారం దెబ్బతినవచ్చు. కాబట్టి కార్డుకు మరో ప్రతి సిద్ధంగా ఉంచుకోవాలి.

కొనే ముందు ఏం చూడాలి?

ముందుగా ప్రదర్శించదలచిన వీడియోల కోడెక్ తెలుసుకోవాలి. వీఎల్‌సీ ప్లేయర్‌లోని కోడెక్ సమాచారం విభాగంలో ఆ వివరం ఉంటుంది. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. అది పైపెట్టె పేరు మాత్రమే, లోపల ఏ కోడెక్ అయినా ఉండవచ్చు. బోర్డు ఆ కోడెక్‌ను విప్పలేకపోతే, హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మరో కంప్యూటర్‌పై వీడియోను ఒక్కసారి హెచ్.264లోకి మార్చుకుంటే చాలు. అప్పుడు దశాబ్దం నాటి పాత బోర్డు కూడా తరగతి గదికి ఉపయోగపడుతుంది. కొత్త బోర్డుకు వెచ్చించాల్సిన సొమ్ము పుస్తకాలకు మిగులుతుంది.