జె.సి. రోడ్డులో థీబ్స్ రాజు

ఊరంతా మహమ్మారి. చేలల్లో పైరు మాడిపోతోంది, పశువులు చస్తున్నాయి, బిడ్డలు పుట్టకముందే పోతున్నారు. థీబ్స్ జనమంతా రాజు ఈడిపస్ వాకిట చేరి మొరపెట్టుకుంటారు. సొఫొక్లిస్ 'ఈడిపస్' ఇలా మొదలవుతుంది. క్రీ.పూ. 430లో ఏథెన్సును ప్లేగు పట్టుకుంది. మరుసటేడు పెరిక్లిస్ అంతటివాడిని కూడా తీసుకుపోయింది. నాటకం ఆ దరిదాపుల్లోదేనని పండితుల అంచనా.

ఈ దృశ్యం బెంగుళూరు వాళ్ళకి పరాయిది కాదు. 1898లో ఇక్కడా ప్లేగు వచ్చింది. ఇరుకు పేటలు వదిలి జనం కొత్తగా వేసిన మల్లేశ్వరానికీ బసవనగుడికీ చేరారు. ప్లేగమ్మ గుళ్ళు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి, పూజలూ జరుగుతున్నాయి. అయినా గ్రీకు రాజు తన పేరుతోనే కన్నడ రంగస్థలం ఎక్కి ఇక్కడి వాళ్ళని కదిలించడానికి 1972 దాకా ఆగాల్సి వచ్చింది.

అంతకుముందు గ్రీకు విషాదం కన్నడంలోకి మారువేషంలో వచ్చింది. తెచ్చినవాడు బి.ఎం. శ్రీకంఠయ్య. కన్నడిగులకు బి.ఎం.శ్రీ. ఇంగ్లీషు అధ్యాపకుడు. 1929లో ఆయన 'అశ్వత్థామన్' రాశాడు. మూలం సొఫొక్లిస్ 'ఏజాక్స్'. అకిలీస్ కవచం తనకు దక్కలేదన్న ఉక్రోషంలో మతి తప్పి పశువుల మందను నరికి, తెలివి వచ్చాక సిగ్గుతో కత్తిమీద పడి ప్రాణం తీసుకున్న వీరుడు ఏజాక్స్. ఆ కథను బి.ఎం.శ్రీ సౌప్తిక పర్వం అశ్వత్థామకు తొడిగాడు. ఇక్కడే వచ్చింది పేచీ. చిరంజీవుల జాబితాలో ఉన్నవాణ్ణి చంపడమేమిటి? భరతవాక్యంతో, శుభంతో ముగిసే నాటకాలకు అలవాటుపడ్డ చోట ఇది చిన్న సాహసం కాదు. మన తెలుగులోనూ తొలి విషాద నాటకమని పేరుబడ్డది 'విషాద సారంగధర'. దాన్ని రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుది బళ్ళారి, నేటి కర్ణాటకలోదే. ఆయనా మనవాళ్ళకు తెలిసిన కథనే ఎంచుకున్నాడు. తెలిసిన కథలో అయితే కన్నీళ్ళకు కాస్త చోటిస్తారనుకున్నారేమో ఇద్దరూ.

1972 నాటకానికి నాందీ అనదగ్గది, నా మటుకు నాకు, ఒక సినిమా. తీసినవాడు మనవాడే. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన నెల్లూరు పఠాభి, తిక్కవరపు పట్టాభిరామరెడ్డి. అనంతమూర్తి నవల 'సంస్కార'ను ఆయన 1970లో కన్నడంలో సినిమాగా తీశాడు. కథలో అగ్రహారానికి ప్లేగు వస్తుంది. ఆచారాలన్నీ కాలదన్నిన నారణప్ప చచ్చిపోతాడు, శవానికి సంస్కారం ఎవరు చెయ్యాలో తేలదు. చివరికి అతనితో కాపురం చేసిన చంద్రి రాత్రికి రాత్రి దహనం చేయించేస్తుంది. నారణప్పగా నటించినవాడు పి. లంకేశ్, చంద్రిగా పఠాభి భార్య స్నేహలతారెడ్డి. ఆ సంస్కారం సంగతి తేల్చాల్సిన ప్రాణేశాచార్యులుగా గిరీశ్ కర్నాడ్.

ఆ లంకేశే సొఫొక్లిస్ 'ఈడిపస్', 'అంటిగొనె' రెంటినీ కన్నడం చేశాడు. మొదటిది ప్లేగుతో మొదలయ్యే నాటకం. రెండోది రాజాజ్ఞను కాదని అన్న శవాన్ని పూడ్చిన ఆడపిల్ల కథ. 'సంస్కార'లో శవమై పడుకున్న మనిషికే ఈ రెండు నాటకాలూ తగలడం కాకతాళీయమే కావచ్చు. కాకతాళీయమైనా కంటికి ఆనుతుంది.

ఆ 'ఈడిపస్'ను ఆడించినవాడు బి.వి. కారంత్. చిన్నప్పుడే ఇల్లు వదిలి గుబ్బి వీరణ్ణ కంపెనీలో చేరాడు. కాశీలో హిందీ ఎం.ఏ. చదివాడు. 1962లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువు ముగించాడు. హార్మోనియం, పద్యం, రంగురంగుల పరదాలు ఒకపక్క, బ్రెఖ్ట్, స్టానిస్లావ్‌స్కీ ఇంకోపక్క. రెండూ ఒకే ఒంట్లో ఇమిడిన దర్శకులు మన దేశంలో ఎక్కువమంది లేరు. 1972లో ఆయన జె.సి. రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్ర ఆరుబయట మూడు నాటకాలు వేశాడు. ఒకటి 'ఈడిపస్'. రెండోది లంకేశ్ సొంత నాటకం 'సంక్రాంతి', బసవన్న, బిజ్జళరాజు కాలం నాటిది. మూడోది చంద్రశేఖర కంబార 'జోకుమారస్వామి', పొలం మీదా పెళ్ళాం మీదా పెత్తనమే తప్ప సంతానం లేని గౌడ కథ.

ఈ జతపరచడంలోనే ఉంది కిటుకంతా. ఒక్క 'ఈడిపస్' వేసుంటే కళాశాల పాఠంలా గౌరవంగా చూసి ఇంటికెళ్ళేవాళ్ళు. పక్కన బిజ్జళుడు, గౌడ నిలబడేసరికి మూడు కథల్లోనూ ఒకే మనిషి కనపడతాడు: తన ఏలుబడి బీడు పోతుంటే కారణం బయటెక్కడో వెతికే పెద్దమనిషి. మనవాళ్ళు ఈడిపస్ కథ వినగానే విధి, కర్మ అంటారు. రంగం మీద నడిచేది మాత్రం అచ్చంగా దర్యాప్తు. పాత రాజును చంపినవాణ్ణి పట్టుకుంటానని ఈడిపస్ జనం ముందు శపథం చేస్తాడు. గుడ్డి జోస్యుడు నిజం చెబితే కుట్ర అంటాడు. కొరింథు నుంచి వచ్చిన వార్తాహరుడు భయం పోగొడదామని నోరు విప్పి అతని పుట్టుక గుట్టు బయటపెడతాడు. ఆఖరికి ముసలి గొర్రెల కాపరిని చేతులు విరిచి కట్టించి, బెదిరించి మాట రాబట్టుకుంటాడు. అడిగేదీ అతనే, దొరికేదీ అతనే. కళ్ళు పొడుచుకోవడం తెర వెనకే జరుగుతుంది, మనకు సేవకుడు వచ్చి చెబుతాడు. రంగం మీద చావులు చూపకూడదన్న నాట్యశాస్త్రానికి ఇందులో అభ్యంతరం ఉండనక్కర్లేదు.

ఆరుబయట ఆడడం మూలానికి న్యాయం చేయడమే. ఏథెన్సులోనూ ఆకాశం కిందే ఆడారు, కాకపోతే పగటిపూట. కళాక్షేత్ర వెనకున్న ఆ బయలు రంగస్థలానికి తరవాత 'సంస' అని పేరు పెట్టారు. మైసూరు రాజుల మీద చారిత్రక నాటకాలు రాసిన కన్నడ రచయిత కలం పేరది.

అక్కణ్ణుంచి దారులు చీలాయి. లంకేశ్ 1980లో 'లంకేశ్ పత్రికె' పెట్టి ఏలికల్ని వారం వారం నిలదీశాడు. స్నేహలతారెడ్డిని ఎమర్జెన్సీలో బెంగుళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం ముదిరి, పెరోల్ మీద బయటికొచ్చిన కొద్దిరోజులకే 1977 జనవరి 20న పోయింది. కారంత్ ఢిల్లీ వెళ్ళి డ్రామా స్కూలు డైరెక్టరయ్యాడు. 1979లో 'మాక్‌బెత్'ను 'బర్నమ్ వన్' పేరుతో హిందీలో, యక్షగానం అడుగులతో ఆడించాడు. జనం ఎక్కువగా చెప్పుకునేది దాన్నే. కట్టుబొట్టు మార్చి పరాయి నాటకాన్ని మనది చేసుకోవచ్చని అది చూపింది. పక్కన ఏ నాటకాలు నిలబెట్టాలో తెలిస్తే అదీ అక్కర్లేదని అంతకు ఏడేళ్ళ ముందే ఆయన బెంగుళూరులో చేసి చూపించాడు. నన్నడిగితే ఇదే కష్టమైన పని.